ఇవతలి గట్టు ఇంటి పన్ను

నా పీహెచ్‌డీ అయిపోయేసరికి మా బీరువాలో ఒక అర నిండా జాకెట్టు ముక్కలు మిగిలాయి. ఆకుపచ్చవీ, పసుపువీ, ఎవరూ కుట్టించుకోకుండా ఇంకొకరికి పెట్టేసే ఆ మెరుపు గులాబీరంగువీ. అరటిపళ్ళూ, తమలపాకులూ, కొబ్బరుండలూ ఎప్పటికప్పుడు చెల్లిపోయాయి కాబట్టి లెక్కలోకి రావు. వేరే చోట్ల పరిశోధన చేసేవాళ్ళు జనం చేత జవాబులు చెప్పించుకోవడానికి వాళ్ళ చేతిలో సబ్బో గ్లాసో పెడతారట. మా కోనసీమలో నేను వెళ్ళి ప్రశ్నలడిగితే జనమే నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క పెట్టి పంపించారు. థీసిస్ చివర "సర్వేలో పాల్గొన్నవారికి ఇచ్చిన ప్రతిఫలం" అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలో తోచక చాలా కాలం ఖాళీగా ఉంచేశాను.

నా విషయం ఇంటి పన్ను. జనం పన్ను ఎందుకు కడతారు, ఎందుకు కట్టరు, ఏం చేస్తే కడతారు అన్నది. దీని మీద పెద్ద పెద్దవాళ్ళు పెద్ద పెద్ద ఊళ్ళలో కూర్చుని చాలా రాశారు. భయపెడితే కడతారని కొందరు, నలుగురిలో సిగ్గుపడేలా చేస్తే కడతారని కొందరు, మర్యాదగా అడిగితే కడతారని కొందరు. మా గైడుగారు మూడో రకం. విశాఖపట్నంలో తన గదిలో కూర్చుని, "మర్యాదకి మీ కోనసీమని మించిన చోటేముందమ్మా? అక్కడే చెయ్యి" అన్నారు. నేను పుట్టింది కొత్తపేట, మెట్టింది రాజోలు దగ్గర పల్లెటూరు. మర్యాద నాకు కొత్త కాదు. నా కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

అప్పటికి నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను, టెంపరరీగా. ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి, కాఫీ ఇప్పించి, ఎంతో మృదువుగా, "వచ్చే ఏడాది నుంచి డాక్టరేటు ఉన్నవాళ్ళనే ఉంచాలంటున్నారండి మేనేజ్‌మెంటువారు. తమరికి ఇబ్బంది లేకపోతే త్వరగా పూర్తి చేసేసుకోండి" అన్నారు. మా వైపు ఉద్యోగం ఊడబోతోందన్న కబురు కూడా ఇంత మర్యాదగానే వస్తుంది. యూనివర్సిటీవాళ్ళు ఇదే ఆఖరి పొడిగింపు అని అప్పటికే చెప్పేశారు. ఆ ఏడాది థీసిస్ ఒడ్డున పడకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. మా ఆయన తాటిపాక దగ్గర గ్యాసు పనిలో షిఫ్టుల మీద తిరుగుతూ ఉంటారు. "పోతే పోయిందిలే, ఇంట్లో కూర్చుని కొబ్బరికాయలు వలిపించుకో" అని వేళాకోళం చేశారు. దాంతో నాకు పంతం వచ్చింది.

మా ఊరి మధ్యనుంచి కాలవ పోతుంది. ఇవతలి గట్టున సగం ఊరు, అవతలి గట్టున సగం ఊరు. ఇళ్ళు ఒకలాంటివే, కొబ్బరితోటలు ఒకలాంటివే, పన్ను ఎగ్గొట్టే అలవాటు కూడా ఒకలాంటిదే. గైడుగారికి ఇది విని ప్రాణం లేచొచ్చింది. "ఒక గట్టుకి పంచాయతీ బిల్లు కలెక్టరు స్వయంగా ఇంటింటికీ వెళ్ళి, పన్ను దేనికి ఖర్చవుతుందో వివరించి, మర్యాదగా అడుగుతాడు. రెండో గట్టుకి ఎప్పటిలాగే ఒట్టి నోటీసు వెళుతుంది. ఏ గట్టు ఎక్కువ కడుతుందో చూద్దాం" అన్నారు. ఏ గట్టుకి వెళ్ళాలన్నది మన ఇష్టం కాకూడదట. అందుకని రూపాయి బిళ్ళ ఎగరేశారు. బొమ్మ పడింది. ఇవతలి గట్టు, అంటే మా గట్టు.

ఇంకో షరతు కూడా పెట్టారు. నేను పక్కనే ఉండి చూడాలి, రాసుకోవాలి తప్ప డబ్బు మాట ఎత్తకూడదు. అడగాల్సింది బిల్లు కలెక్టరే. నేను అడిగితే ప్రయోగం పాడైపోతుందన్నారు. ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో రాసిచ్చారు. నేను దాన్ని తెలుగు చేసి బిల్లు కలెక్టరుగారికి బట్టీ పట్టించాను. వీధి దీపాల గురించి కొంత, మురుగుకాలవల గురించి కొంత, ఆఖరున "కాబట్టి దయచేసి ఈ నెలాఖరులోగా మీ ఇంటి పన్ను చెల్లించండి" అని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసమే ఇదంతా.

బిల్లు కలెక్టరుగారు యాభై దాటిన మనిషి. పాత మోపెడ్డు, భుజానికి సంచీ, ఎప్పుడూ నలగని చొక్కా. ఆయన నోటివెంట లేదు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవారు. మొదటి రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. రిహార్సలుగా ఉంటుందని మొదటి ఇల్లు మాదే పెట్టుకున్నాం. నేను లోపల సంచీ సర్దుకుని వచ్చేసరికి మా అత్తయ్యగారు ఆయన ముందు మినపరొట్టి, కొబ్బరి పచ్చడి పెట్టేసి, పైన చెరుకు పానకం పోస్తున్నారు. మామయ్యగారు ఎదురు కుర్చీలో కూర్చుని వరదనీటి గురించి మాట్లాడుతున్నారు.

"చెప్పాల్సింది చెప్పేరా అండీ?" అనడిగాను.

"ఆయ్, దీపాల గురించి చెప్పేనండి. తమరి మామయ్యగారు మన వీధి దీపం వెలగటం లేదన్నారండి. నిజమేనండి" అన్నారు, రొట్టి తుంచుకుంటూ.

వివరించడం జరిగింది కదా అని నేను టిక్కు పెట్టేసుకుని బయల్దేరదీశాను. ఆ రోజు నుంచి రోజూ ఆయన టిఫిను మా ఇంట్లోనే. అత్తయ్యగారు ఊరుకోరు, ఆయన వద్దనలేరు.

ఇక ఇంటింటి తిరుగుడు ఎలా సాగిందో చెబుతాను. గేటు దగ్గర మోపెడ్డు ఆగగానే లోపలినుంచి ఒకావిడ వచ్చేవారు. "రండి రండి, ఫలానావారి కోడలుగారు కదూ! ఎండనపడి వచ్చేరు" అని నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయేవారు. బిల్లు కలెక్టరుగారిని ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టుకునేవారు. లోపల నాకు మంచినీళ్ళు, కాఫీ, తర్వాత ఏదో ఒక తినేది, తర్వాత మా పెళ్ళి సంగతులు, పిల్లల సంగతులు, చివర బొట్టు, జాకెట్టు ముక్క. చదువు కోసం వచ్చానండీ, పేరంటానికి కాదండీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవారు కాదు. "చదువుకునేవాళ్ళకి జాకెట్లు అక్కర్లేదేంటండీ?" అన్నారు ఒకావిడ. ఆ ప్రశ్నకి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

నేను బయటికి వచ్చేసరికి అరుగు మీద కబుర్లు అయిపోయి, ఖాళీ గ్లాసులు పక్కన ఉండేవి. "అంతా బాగా జరిగిందా?" అంటే "ఆయ్, చాలా మర్యాదస్తులండి" అనేవారు బిల్లు కలెక్టరుగారు. నేను మళ్ళీ టిక్కు పెట్టేదాన్ని. ఇలా గట్టంతా తిరిగాం. ఆ నెలలో ఆయనా, నేనూ ఇద్దరం ఒళ్ళు చేశాం.

అప్పటికి నాకు మా గట్టు మీద ఎంత నమ్మకమంటే, "మర్యాదపూర్వక అభ్యర్థన ప్రభావం" అని ఒక అధ్యాయానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. ఫలితాలు రావడమే తరువాయి.

నెలాఖరు దగ్గరపడుతుండగా ఒకరోజు పొద్దున్న పది గంటలకి కాలవ మీది వంతెన దాటుకుని అవతలి గట్టువాళ్ళు గుంపుగా వచ్చారు. మగవాళ్ళంతా ఇస్త్రీ బట్టలు వేసుకున్నారు. ముందు ఒక రిటైరైన హెడ్‌మాస్టరుగారు, తెల్లపంచె, మడత నలగని కండువా. ఊళ్ళో ఏదో గొడవైందనుకుని మామయ్యగారు చెప్పులేసుకున్నారు. వాళ్ళు తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పంచాయతీ రశీదులు.

"చూసుకోండమ్మా" అన్నారు హెడ్‌మాస్టరుగారు, రశీదు నా కళ్ళ ముందు ఆడిస్తూ. "పాత బకాయిలతో సహా కట్టేసి వస్తున్నాం. మాది పన్ను ఎగ్గొట్టే గట్టు అనుకున్నారు కాబోలు."

"అయ్యో, నేనలా ఎందుకనుకుంటానండీ?"

"అనుకోకపోతే ఇవతల గడప గడపకీ వెళ్ళి, వంతెన దాటి మా వైపు ఒక్క గడపకైనా రాలేదేంటండీ? బిల్లు కలెక్టరుగారు పాతికేళ్ళుగా మాకూ తెలుసు. మా ఇళ్ళలో కాఫీపొడి లేదని ఎవరైనా చెప్పేరా మీకు?"

వెనకనుంచి ఆయన భార్య ముందుకొచ్చారు. "అదేదో అక్కడ అందరికీ బొట్టూ కాటుకా జరుగుతోందట. మా గట్టు ఆడాళ్ళం నీకు బొట్టు పెట్టడానికి పనికిరామా అమ్మా?"

నేను ప్రయోగం గురించి చెప్పబోయాను. ఒక గట్టుకి వెళ్ళడం, ఒక గట్టుకి వెళ్ళకపోవడం, రెంటినీ పోల్చడం. ఇది ఎవరి మీదా చిన్నచూపు కాదు, రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చాం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. హెడ్‌మాస్టరుగారి మొహం ఎర్రగా కందిపోయింది.

"మా గట్టు మర్యాద మీకు బొమ్మా బొరుసా అండీ?" అన్నారు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నేను ఈ మట్టిలో పుట్టిన మనిషిని. పెళ్ళి పిలుపులకి వెళ్ళినప్పుడు ఒక్క ఇల్లు వదిలేస్తే ఆ ఇంటివాళ్ళు ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటారో నాకు తెలుసు. మా చిన్నప్పుడు మా అమ్మ, వీధిలో తాళం వేసున్న ఇంటి తలుపుకి కూడా బొట్టు పెట్టి, శుభలేఖ గడియలో దోపి వచ్చేది. అలాంటిదాన్ని సగం ఊరు తిరిగి, సగం ఊరిని నోటీసుతో వదిలేసి, దానికి సైన్సు అని పేరు పెట్టుకున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. మా అత్తయ్యగారు ఈలోగా వాళ్ళందరికీ మజ్జిగ కలిపి గ్లాసులు అందించేస్తున్నారు. మజ్జిగ తాగాక వాళ్ళ కోపం కొంచెం దిగింది గానీ రశీదులు మాత్రం జేబులో పెట్టుకోలేదు, తిరిగి వెళ్ళేటప్పుడు వీధిలో అందరికీ కనబడేలా పట్టుకునే వెళ్ళారు.

సరే, అవతలివాళ్ళు అలిగి కట్టారు, మనవాళ్ళు వివరిస్తే కట్టి ఉంటారు కదా అని పంచాయతీ ఆఫీసుకి పరిగెత్తాను. కార్యదర్శిగారు కంప్యూటరు నా వైపు తిప్పారు. అవతలి గట్టు దాదాపు మొత్తం కట్టేసింది. ఇవతలి గట్టులో దాదాపు ఎవరూ కట్టలేదు. కిందటేడు కట్టినంత కూడా కట్టలేదు. తెరని రెండుసార్లు తుడిచి చూశాను. అంకెలు మారలేదు.

బిల్లు కలెక్టరుగారు పక్క గదిలో సంచీ సర్దుకుంటున్నారు. "మన గట్టులో ఎవరూ కట్టలేదేంటండీ?" అని నిలదీశాను.

ఆయన నీళ్ళు నమిలారు. "ఆయ్, కట్టలేదండి."

"ఆఖరి వాక్యం చెప్పేరా అండీ? ఈ నెలాఖరులోగా చెల్లించండి అన్నది?"

ఆయన కాసేపు చొక్కా గుండీ సర్దుకున్నారు. తర్వాత నిజంగానే అర్థంకాక నన్నే అడిగారు. "వాళ్ళింట్లో కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, మూతి తుడుచుకుంటూ డబ్బులు తీయండని ఎలా అడుగుతామండీ? తమరే చెప్పండి. నోరెలా వస్తాదండీ?"

"మరి ఎప్పుడూ ఎలా వసూలు చేస్తారండీ?"

"సంతలో కనబడతారండి, బస్టాపులో కనబడతారండి. అక్కడ అడిగితే ఇచ్చేస్తారండి. ఇంటికెళ్తే మాత్రం అడగలేనండి. అందుకే నేను ఇళ్ళకి వెళ్ళనండి. తమరు రమ్మన్నారని వచ్చేను. ఇంట్లో తిన్నాక ఇక సంతలో కనబడినా అడగలేకపోయేనండి."

వెంటనే మా గట్టున మూడు నాలుగు ఇళ్ళకి తిరిగాను. అందరూ ఒకటే మాట. "ఆయన అడగలేదండి. అడిగితే ఇవ్వమా?" పైగా కొందరు నొచ్చుకున్నారు కూడా. ఇంటికొచ్చిన మనిషి ఏమీ అడక్కుండా వెళ్ళిపోతే తామేదో ఇవ్వలేని స్థితిలో ఉన్నామనుకున్నాడేమో అని వాళ్ళ బాధ. ఒకావిడ మళ్ళీ జాకెట్టు ముక్క తేబోతే పారిపోయి వచ్చాను.

గైడుగారికి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పేశాను.

"అంటే, వెళ్ళిన చోట అడగలేదు, వెళ్ళని చోట అలిగి కట్టారు" అన్నారు, మొత్తం విని.

"అవును సార్."

"పోలిక కోసం వదిలేసిన కంట్రోలు గ్రూపు అలగడం నా సర్వీసులో ఎక్కడా చూడలేదమ్మా. అలిగింది అని ఇంగ్లీషులో ఎలా రాస్తావు?"

మళ్ళీ మొదటినుంచి చేయడానికి టైము లేదు. గైడుగారు గట్టిగా నిట్టూర్చి, "జరిగింది జరిగినట్టు రాసెయ్. ఒక్క ముక్క దాచకు. ఎగ్జామినరుకి నచ్చితే డిగ్రీ, నచ్చకపోతే నీ అదృష్టం" అన్నారు. రాత్రీ పగలూ కూర్చుని రాశాను. "మర్యాదపూర్వక అభ్యర్థన ప్రభావం" అన్న అధ్యాయం పేరు కొట్టేశాను. మినపరొట్టి, జాకెట్టు ముక్కలు, హెడ్‌మాస్టరుగారి కండువా అన్నీ థీసిస్‌లోకి ఎక్కాయి. ప్రతిఫలం గడిలో "పరిశోధకురాలికి లభించినవి" అని మార్చి చిట్టా రాశాను. అలక గురించి నాలుగు పేజీలు రాశాను. ఇంగ్లీషులో దానికి మాట దొరక్క తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను.

వైవాకి రాబోయే ఎగ్జామినరు అనంతపురం వైపు ఆయన. ఎక్కడో ఉత్తరాదిలో పాఠాలు చెబుతారు. ఆయన పేరు చెబితే రీసెర్చి చేసేవాళ్ళు గడగడలాడతారు. మొహమాటం లేని మనిషి, ఒకే ఒక్క ప్రశ్నతో థీసిస్ వెనక్కి పంపించేస్తారని ప్రతీతి. ఆయన వైవాకి రెండు రోజుల ముందు కబురంపారు. ఈ అలక జరిగిన ఊరు నా కళ్ళతో చూడాలి, కాలవ, వంతెన, రెండు గట్లూ చూడాలి, దారిలో గోదావరి ఒడ్డున పర్యాటకులు వెళ్ళే దిండి కూడా చూసినట్టవుతుంది అని.

గైడుగారు నాకు ఫోనులో గట్టిగా చెప్పారు. "చూపించు. మాట్లాడించు. తిండి మాత్రం పెట్టకు. రేపు ఎవరైనా లంచం అంటారు."

అత్తయ్యగారికి చెప్పాను. మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదని. ఆవిడ నన్నొక వింత జంతువుని చూసినట్టు చూశారు.

"ఒట్టి మంచినీళ్ళేంటే? కనీసం బెల్లం ముక్కయినా పెట్టాలి."

"సరే, బెల్లం ముక్క పెట్టండి."

"బెల్లం ముక్క పెట్టి ఊరుకుంటే నవ్వుతారు. రెండు కొబ్బరుండలు పెడతాను."

మర్నాడు నేను ఎగ్జామినరుగారికి వంతెనా, గట్లూ చూపించి, మాటవరసకి ఇల్లు చూపిద్దామని తీసుకొచ్చేసరికి అరిటాకు వేసి ఉంది. పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, ముద్దపప్పు, వంకాయ, రెండు పచ్చళ్ళు, పూతరేకులు. మామయ్యగారు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. గడగడలాడించే ఆ మనిషి ఆకు వైపు చూశారు, అత్తయ్యగారి వైపు చూశారు, వాచీ తీసి జేబులో పెట్టుకున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్కడితో అయిపోలేదు. ఆయన భోంచేస్తున్న సంగతి గాలిలో వంతెన దాటింది. ఆయన కారెక్కుతుండగా హెడ్‌మాస్టరుగారు కండువాతో ప్రత్యక్షమయ్యారు. "తమరు ఇవతలి గట్టున తిన్నారట. మా గట్టు సంగతి ఏంటండీ?" అన్నారు. ఎగ్జామినరుగారు నా వైపు తిరిగి, "వీరేనా నలభయ్యో పేజీలో ఆయన?" అని మెల్లిగా అడిగారు. అవునన్నాను. పాపం ఆ మహానుభావుడు వంతెన దాటి, రెండో అరిటాకు ముందు కూర్చున్నారు. సాయంత్రం కారులో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్న మనిషి, దిండి చూడకుండానే వెళ్ళిపోయారు.

వైవా రోజు వచ్చింది. విశాఖపట్నంలో పొడుగాటి గది, పొడుగాటి బల్ల, చుట్టూ డిపార్ట్‌మెంటువాళ్ళు. ప్రతి అధ్యాయానికీ, ప్రతి పట్టికకీ జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. వారం రోజులు నిద్రలో కూడా జవాబులే చెప్పానట, మా ఆయన అన్నారు. ఎగ్జామినరుగారు సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీశారు. నిండా ప్రశ్నలే, దూరానికి కూడా కనబడుతున్నాయి. దాన్ని చూశారు. నన్ను చూశారు. మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేశారు.

"నాకు ప్రశ్నలేం లేవు. బాగుంది" అన్నారు.

గైడుగారి మొహం వెలిగిపోయింది. లేచి దండం పెట్టెయ్యమని నాకు సైగ చేస్తున్నారు. నేను లేవలేదు. ఇన్నేళ్ళ కష్టం, ఇన్ని ఇళ్ళ అరుగులు, ఇన్ని అంకెలు, అంతా కలిపి పనసపొట్టు కూర దగ్గర తేలిపోయిందా అనిపించింది. నాకు కోపం వచ్చింది. డిగ్రీ చేతిదాకా వచ్చి ఆగి ఉందని తెలుసు, అయినా వచ్చింది.

"సార్, మీ కాగితం నిండా ప్రశ్నలున్నాయి. ఎందుకు అడగరు?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "ఎలా అడిగేదమ్మా? మీ అత్తగారు కొసరి కొసరి వడ్డించారు. ఇప్పుడు నిన్ను నిలబెట్టి దులపాలంటే నోరు రాలేదు."

"సార్, మా బిల్లు కలెక్టరుగారు అన్నదీ ఇదే. కానీ మా గట్టువాళ్ళు ఏమన్నారో కూడా రాశాను కదా. అడిగితే ఇవ్వమా అన్నారు. మీరు అడగండి, నేను చెబుతాను. అడక్కుండా ఇస్తే ఆ డిగ్రీ నాకు మినపరొట్టికి వచ్చినట్టే ఉంటుంది."

గైడుగారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. ఎగ్జామినరుగారు నన్ను కొత్తగా చూశారు. సంచీ జోలికి పోలేదు, కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"సరే. ఒకే ఒక్క ప్రశ్న. మీ ఇల్లు ఏ గట్టు?"

"ఇవతలి గట్టు సార్."

"బిల్లు కలెక్టరు మొట్టమొదట వెళ్ళిన ఇల్లు మీదేనని రాశావు. ఆ తర్వాత రోజూ మీ ఇంట్లోనే టిఫిను చేశాడని కూడా రాశావు. మీ ఇంటి పన్ను కట్టారా?"

నా దగ్గర లేని జవాబు అదొక్కటే. ఊళ్ళో అందరి ఇంటి పన్నులూ పట్టికల్లో పెట్టాను, మా ఇల్లు "రిహార్సలు" కాబట్టి లెక్కలోంచి తీసేశాను. తీసేశాక దాని సంగతే మర్చిపోయాను.

"తెలియదు సార్."

"ఫోను ఉందిగా, కనుక్కో. అందరం వింటాం."

మామయ్యగారికి ఫోను చేసి స్పీకరులో పెట్టాను.

"మామయ్యగారూ, మన ఇంటి పన్ను కట్టేరా అండీ?"

"ఇంటి పన్నా?" అన్నారు మామయ్యగారు తీరుబడిగా. వెనకాల కొబ్బరికాయలు వలుస్తున్న చప్పుడు. "లేదమ్మా. ఆయన అడగలేదు కదా. రోజూ వస్తున్నారు, పక్కనే కూర్చుని తింటున్నారు, కావలసివస్తే అడుగుతారులే అని ఊరుకున్నాను. ఇంట్లో కూర్చున్న మనిషికి మనంతట మనం డబ్బులు తీసి ఇస్తే, తిన్నది చాలు ఇక వెళ్ళు అన్నట్టుంటాది కదమ్మా. ఇంతకీ ఆ అనంతపురం సారుగారు బాగున్నారా? అవతలి గట్టున వంకాయలో కారం ఎక్కువేశారట, ఒంట్లో ఎలా ఉంది వారికి?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. బల్ల చివర కూర్చున్న పెద్ద ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. గైడుగారు కూడా నవ్వుతున్నారు, భయంగా. ఎగ్జామినరుగారు ఫోను వైపు వంగి, "బాగున్నానండీ, మజ్జిగ పులుసు కాపాడింది" అని జవాబు చెప్పారు. నేను మాత్రం సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"తలెత్తమ్మా" అన్నారాయన. "నీ థీసిస్ మొత్తంలో అన్నిటికంటే గట్టి రుజువు ఇదే. నువ్వు దీన్ని పట్టిక బయట వదిలేశావు. లోపల పెట్టు."

రిపోర్టు మీద పెన్నుతో రాశారు. డిగ్రీ ఇవ్వవచ్చు. అయితే పరిశోధకురాలి ఇంటిని కూడా ఇవతలి గట్టు పట్టికలో చేర్చాలి. ఆ ఇంటి పన్ను ఎప్పుడు, ఎలా చెల్లించబడిందో ఒక పేరా రాసి, రశీదు జతచేసి, సవరించిన ప్రతి పంపాలి. అది అందాకే సంతకం పెడతానన్నారు. చదివి వినిపించి, "రశీదు లేకుండా పంపితే ఈసారి మొహమాటపడను" అన్నారు.

అంటే నా డాక్టరేటూ, నా ఉద్యోగమూ రెండూ ఇప్పుడు మా ఇంటి పన్ను రశీదు మీద ఆగాయి.

మర్నాడు పొద్దున్నే డబ్బు తీసుకుని పంచాయతీ ఆఫీసుకి బయల్దేరాను. గుమ్మంలో అత్తయ్యగారు ఆపి చేతిలో క్యారేజీ పెట్టారు. "రెండు రోజులుగా మనింటికి రాలేదు, పాపం ఏం తింటున్నారో. ఇది బిల్లు కలెక్టరుగారికి ఇచ్చెయ్" అన్నారు. వద్దని లాభం లేదు. మూత సందులోంచి మినపరొట్టి వాసన వస్తోంది.

ఆఫీసులో ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. విషయం చెబితే మొహం చిన్నబుచ్చుకున్నారు. "తమరు ఇంత దూరం రావడమేంటండీ? నేను ఇంటికొచ్చినప్పుడు ఇవ్వచ్చు కదండీ."

"ఇంటికొస్తే మీరు అడగరు కదండీ."

"ఆయ్, ఎలా అడుగుతానండీ?" అన్నారు, సంచీ తెరుస్తూ.

నేను క్యారేజీని చీర కొంగు చాటున వెనక్కి పట్టుకుని, ముందు డబ్బు ఇచ్చాను. ఆయన ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూశారు. నేను కదల్లేదు. రశీదు కొట్టి, సంతకం పెట్టి, నా చేతికిచ్చి, అది నేను మడిచి పర్సులో పెట్టుకున్నాక, అప్పుడు క్యారేజీ ఆయన బల్ల మీద పెట్టాను.